మయూరి పార్క్ పక్కన కిరాయికి ఉండి చూసినం, ఉన్నదున్నట్టు రివ్యూ

మహబూబ్‌నగర్‌ల అప్పన్నపల్లి దిక్కు కిరాయి ఇల్లు ఎట్లుంటది అని ఎవరో ఒకరు అడుగుతనే ఉన్నరు, ఒక్కొక్కళ్ళకి ఫోన్ల చెప్పుడు నాతోని అయితలేదు, అందుకే ఒక్కసారి మొత్తం రాస్తున్న. మేముండేది జడ్చర్ల రోడ్డు మీద, మయూరి పార్క్ సైడు, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పేరు రాయను, ఇంకా ఆ బిల్డింగ్‌లనే ఉంటున్నం, రేపు పొద్దుగాల లిఫ్ట్‌ల అందరి మొకాలు చూడాలె కదా.

మహబూబ్‌నగర్‌కి కొత్తగ వచ్చేటోళ్ళ కోసం ఒక ముక్క. పేపర్లల్ల కేసీఆర్ అర్బన్ ఎకో పార్క్ అని రాస్తరు, ఆటో అన్నకి మాత్రం మయూరి అంటేనే తెలుస్తది. 2,087 ఎకరాలు, అప్పన్నపల్లి రిజర్వ్ ఫారెస్టే అది. పార్క్ అనంగనే బెంచీలు, ఊయలలు, కోసిన గడ్డి అనుకునేరు, అట్ల ఉండేది ముందల జెరంత, మిగిలిందంతా అడవే. ఈ మాట నేను ముందే గట్టిగ అర్థం చేస్కుని ఉంటే సగం తిప్పలు తప్పుతుండె.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. మా ఆయనకి కంపెనీల పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కే, ట్రాన్స్‌ఫర్ అయింది, ఆగస్టుల ఇల్లు దేవులాడుతున్నం. పద్మావతి కాలనీల ఒకటి చూసినం, మెట్టుగడ్డ దిక్కు ఒకటి, ఏనుగొండల రెండు. మూడు చోట్ల ఇల్లు చూపెట్టకముందే "మీరేమిటోళ్ళు" అని అడిగిండ్రు, ఒక చోట నీసు తింటరా అని అడిగి మేము చెప్పిన జవాబుకి తాళంచెవి జేబుల ఏస్కుని పోయిండు. ఇగ విసుగొచ్చి ఫోన్ల చూస్తుంటే ఈ ఫ్లాట్ ఫోటోలు కనవడ్డయి. బాల్కనీ అవతల అంతా పచ్చగ, మబ్బులు, దూరంగ గుట్ట. మా అత్తమ్మకి షుగర్ ఉంది, డాక్టర్ రోజూ అర్ధగంట నడవమన్నడు, పార్క్ పక్కనే కదా ఇగ ఇంతకన్న ఏం కావాలె అని అదే రోజు పోయి చూసి అడ్వాన్స్ ఇచ్చినం. నాలుగో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, కిరాయి 10,500, మెయింటెనెన్స్ 1,000, రెండు నెలల అడ్వాన్స్. అదే సైజు ఇల్లు ఊళ్ళె మాకు ఎనిమిది, ఎనిమిదిన్నరకు చెప్పిండ్రు, అంటే ఈ చెట్లకు నెలకు రెండు వేలు కడుతున్నమన్నట్టు.

నడుద్దామని మొదటి రోజు పొద్దుగాల ఆరింటికి అత్తమ్మ బూట్లేస్కుని తయారైంది. బాల్కనీల నిలవడి చూస్తే ఆ చెట్టు కొమ్మకు రాయి తాకుతది, అంత దగ్గర. కానీ మధ్యల ఫెన్సింగ్ ఉన్నది, మా దిక్కు గేటు లేదు. గేటుకు పోవాలంటే హైవే ఎక్కి, చుట్టు తిరిగి, రోడ్డు దాటి, మా ఆయన బండి మీటర్ల చూసిండు, రెండు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఆ రోడ్డు జడ్చర్ల నుంచి రాయచూరు పోయేది, పొద్దుగాల లారీలు ఎట్లొస్తయో చూసినోళ్ళకే ఎరుక. అరవై ఎనిమిదేండ్ల మనిషి దాన్ని రోజూ దాటుతదా? నాలుగు రోజులు మా ఆయన బండి మీద దించిండు, ఐదో రోజు ఆఫీసు లేటయింది, ఇగ అయిపోయింది. 2,087 ఎకరాల అడవిని పక్కల పెట్టుకుని మా అత్తమ్మ సెల్లార్‌ల స్కూటర్ల నడుమ వాకింగ్ జేసింది పదకొండు నెలలు. అందుకే ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ఇల్లు చూస్కోవడానికి పోయినప్పుడు చెట్లెక్కడున్నయో చూడకుండ్రి, గేటెక్కడున్నదో చూడుండ్రి, మీరే మీ కాళ్ళతోని ఒకసారి నడిచి పోయి రాండ్రి.

పచ్చదనం సంగతి. మేము చూసింది ఆగస్టుల, వానలు పడి అడవి కళకళలాడుతున్నప్పుడు. డిసెంబర్ దాక బాగనే ఉండె. సంక్రాంతి దాటినంక ఆకు రాలుడు మొదలైంది, మార్చి వచ్చే వరకు మొత్తం బోడ, కట్టెలు నిలవెట్టినట్టు. మనదిక్కు అడవులన్నీ అంతే, ఎండాకాలం ఆకు రాల్చేవే, అడవి తప్పేం లేదు, నా తెలివి తప్పు. అక్కడక్కడ మోదుగుపూలు మాత్రం నిప్పులెక్క ఉండె, అవి చూసుకుంటనే నెల గడిపిన. ఏప్రిల్‌ల ఒకరోజు ఎవడో బీడీ పారేసిండో ఏమో ఎండుగడ్డి అంటుకుంది, మంట మా దాక రాలేదు గని పొగ వచ్చింది, ఆరేసిన బట్టల మీద నల్లటి బూడిద రెక్కలు. తెల్ల యూనిఫాం మూడుసార్లు పిండినా పోలె.

కోతుల గురించి ఓనర్ ఒక్క మాట చెప్పలె. వాషింగ్ బాల్కనీకి గ్రిల్ ఉన్నది గని మధ్యల సందులు పెద్దయి, పిల్ల కోతి దూరుతది, తల్లి బయట కాపలా ఉంటది, పక్కా ప్లాన్. ఇడ్లీ పిండి పోయింది, ఎల్లిపాయలు పోయినయి, అవన్నీ సరే తినేటివి. ఒకనాడు కడిగి బోర్లిచ్చిన గిన్నెల నుంచి కుక్కర్ విజిల్ ఎత్కపోయింది. నా కండ్ల ముందటనే సన్‌షేడ్ మీద కూసొని దాన్ని నోట్ల పెట్టుకుని కొరుకుతున్నది, అది తినేది కాదని తెల్వంగనే నా మొకం చూసుకుంటనే అటు పక్కకు ఇసిరేసింది. విజిల్ లేక రెండు రోజులు పప్పు గిన్నెల ఉడకబెట్టిన. తర్వాత మెష్ కొట్టిచ్చినం, 3,400 అయింది, ఓనర్ సగం ఇస్త అని ఇయ్యలె.

చెదలు ఇంకోటి. అడవి పక్కన మట్టి, ఐదంతస్తులైనా ఎక్కుతయా అంటే ఎక్కినయి, బెడ్‌రూమ్ కబోర్డు వెనక చెక్క వట్టుకుంటే పిండిలెక్క రాలింది. మన పిల్లలమర్రి, అదే ఆ పెద్ద మర్రిచెట్టు, దానికి 2018ల చెదలు పట్టి కొమ్మకొమ్మకు సెలైన్ బాటిళ్ళు కట్టి మందెక్కించిండ్రు, పేపర్లన్నీ రాసినయి. మా కబోర్డుకు ఎవరెక్కించాలె? ఓనర్‌కి ఫోన్ జేస్తే "అమ్మా, మీరు బట్టలు తడివి పెడుతున్నట్టున్నరు" అన్నడు.

మంచి లేదా అంటే ఉన్నది, లేకపోతే మళ్ళ అదే బిల్డింగ్‌ల ఎందుకుంటం. మే నెలల క్లాక్ టవర్ దిక్కు మా చుట్టాలింటికి పోతే రాత్రి పదకొండింటికి కూడా గోడలు చెయ్యి పెడితే కాలుతుండె. ఇక్కడ తొమ్మిది దాటిందంటే అడవి దిక్కు నుంచి గాలి వస్తది, కిటికీలు తీసి కూలర్ బంద్ చేసేటోళ్ళం. దోమల జాలీ మాత్రం ఉండాలె, లేకపోతే గాలి కాదు వచ్చేది. వానాకాలం తెల్లారుజామున నెమళ్ళు అరుస్తయి, మొదటిసారి విన్నప్పుడు ఎవరో పిల్లగాన్ని కొడుతున్నరనుకుని మా ఆయన్ని లేపిన. ఒకసారి టెర్రస్ మీద ఆడ నెమలి, వెనక మూడు పిల్లలు. మా పాప ఊపిరి బిగవట్టి చూసింది, దానికి ఐదేండ్లు, అట్ల చప్పుడు లేకుండ నిలవడుడు నేను అంతకుముందు ఎన్నడు చూడలె.

నీళ్ళ సంగతి నేను ముందే అడిగిన, ఫ్లోరైడ్ ఊరు నుంచి వచ్చినోళ్ళం, ఇల్లెట్లున్నదని అడగకముందు నీళ్ళెట్లున్నయని అడుగుతం. మా బిల్డింగ్‌ల మిషన్ భగీరథ నల్లా నీళ్ళు రోజు తప్పి రోజు సంపులకు వస్తయి, వాడకానికి బోరు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ దాక బోరు ఆగి ఆగి పోసింది, ట్యాంకర్ తెప్పిచ్చి ఫ్లాటుకింత అని పంచిండ్రు, అది మెయింటెనెన్స్‌ల రాదు, వేరే.

రాకపోకలకు జడ్చర్ల బస్సులు ఉంటయి, చెయ్యెత్తితే ఆపే డ్రైవర్ ఆపుతడు, లేనోడు లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్ళకి ఆర్టీసీల ఫ్రీ కాబట్టి నాకు స్కూలుకు పోయేందుకు పైస ఖర్చు లేదు. రాత్రి తొమ్మిది దాటితే ఆటో దొరుకుడు కష్టం, దొరికినా అడిగినంత ఇయ్యాలె. కాచిగూడ నుంచి రాత్రి ట్రైన్‌ల దిగేటోళ్ళు ముందే ఎవరినన్న స్టేషన్‌కు రమ్మని చెప్పుకోండ్రి.

ఇగ కాగితాలు. అగ్రిమెంట్ పదకొండు నెలలకే రాస్తరు, ఏడాది దాటితే రిజిస్టర్ చేపియ్యాలె కాబట్టి ఎక్కడైనా అదే పద్ధతి. మా ఆయన ఇంకా పాత ట్యాక్స్ రెజీమ్‌ల ఉన్నడు, హెచ్‌ఆర్‌ఏ, అంటే జీతంల వచ్చే ఇంటి కిరాయి అలవెన్స్, దానికి ట్యాక్స్ తగ్గాలంటే కట్టిన కిరాయి చూపెట్టాలె. కిరాయి ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ ఆఫీసుల ఇయ్యాలె, మాది ఏడాదికి లెక్కేస్తే 1,26,000. అడ్వాన్స్ తీస్కునేటప్పుడు పాన్ ఇస్త అన్నాయన ఫిబ్రవరిల ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు. వాట్సాప్‌ల రెండు బ్లూ టిక్కులు, జవాబు లేదు. ఆ కిరాయి క్లెయిమ్ ఆఫీసోళ్ళు పక్కకు పెట్టిండ్రు. అడ్వాన్స్ ఇచ్చే ముందే పాన్ రాపిచ్చుకోండ్రి, సిగ్గుపడకుండ్రి. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్ళకి 200 యూనిట్ల దాక జీరో కరెంట్ బిల్లు కిరాయిదారులకు కూడా వస్తది, కానీ మా పక్క ఫ్లాటాయనకు ముందున్నోళ్ళ కార్డే ఆ మీటర్‌కి ఉండె, అది తీయించుడుకు ఎన్నిసార్లు తిరిగిండో పాపం.

పదకొండు నెలలైనంక ఓనర్ 1,000 పెంచుత అన్నడు. దివిటిపల్లిల బ్యాటరీ ఫ్యాక్టరీ వస్తున్నదమ్మా, ఇగ కిరాయిలన్నీ పెరుగుతయి అన్నడు. పెంచుకోండ్రి అంకుల్ అని మేము ఖాళీ చేసినం. పెయింటింగ్ కింద 6,000 కోసుకున్నడు, ఒక్క మేకు కొట్టలె మేము, పాప పెన్సిల్ గీతలు కూడా నేను రబ్బర్ పెట్టి చెరిపిన. గొడవ పెట్టుకునే ఓపిక లేక ఊకున్నం.

ఊళ్ళెకు పోదామనుకున్నం, కానీ పాప ఏడ్చింది, అత్తమ్మ కూడా గాలికి అలవాటు పడ్డది. అదే టైంల రెండో అంతస్తుల రోడ్డు సైడు ఫ్లాట్ ఖాళీ అయింది, వేరే ఓనర్, రిటైర్డ్ సారు. వ్యూ లేదు కదా అని 8,200కే ఇచ్చిండు. ఏడాదికి 98,400, పాన్ గోల కూడా లేదు, అయినా సారే అగ్రిమెంట్ మీద రాసిచ్చిండు. కబోర్డులు ఇనుపవి. లారీల హారన్లు వినవడ్తయి, కాదన, మొదటి వారం నిద్రవట్టలె, ఇప్పుడు వడ్తున్నది. కోతులు ఈ సైడు తక్కువ, రోడ్డంటే వాటికి కూడా భయమున్నట్టున్నది. రాత్రి గాలి అంత రాదు, ఆ ముచ్చట మాత్రం నాలుగో అంతస్తుదే.

చెట్లు చూడాలనిపిస్తే చాపలేస్కుని టెర్రస్ మీదికి పోతం. అక్కడ అందరికీ ఒకటే వ్యూ, పైస కట్టేది లేదు. మొన్న వినాయక చవితి ముందట అడవంతా మళ్ళ పచ్చగైంది, అత్తమ్మ ఇప్పుడు సెల్లార్‌ల కాదు, టెర్రస్ మీద చుట్లు తిరుగుతది, ఇరవై చుట్లు. తాళంచెవి వాచ్‌మన్ అన్న దగ్గర ఉంటది, ఆరింటి లోపల అడగాలె, ఆరు దాటితే ఆయన చాయ్‌కి పోతడు, ఎప్పుడొస్తడో చెప్పలేం.