ఉచ్చారణ కోసం కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ డిక్షనరీ: నా రివ్యూ

ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే పనిలో నేను రోజూ తెరిచేది కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ డిక్షనరీ. వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. అర్థాలు ఏ డిక్షనరీలోనైనా దొరుకుతాయి. నన్ను కట్టిపడేసింది ఇందులోని ఉచ్చారణే, ముఖ్యంగా రెండు మాటలు కలిసి ఒకటైన నామవాచకాల (కాంపౌండ్ నౌన్‌ల) దగ్గర.

‘కప్‌బోర్డ్’ సంగతి చూడండి. రాసింది రాసినట్టు చదివే అలవాటు మనది కాబట్టి రెండు ముక్కల్నీ సమానంగా పలుకుతాం. యూకే అన్నచోట స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపించేది ‘కబడ్’. ‘ప’ లేదు, ‘బోర్డ్’ కాస్తా ‘బడ్’ అయిపోయింది. యూఎస్ నొక్కితే చివరి ‘డ్’కి ముందు ‘ర’ కూడా పలుకుతుంది. బలమంతా (ఇంగ్లిష్‌లో దీన్నే స్ట్రెస్ అంటారు) మొదటి సిలబుల్ మీద, అంటే మాటలో ఒక్క ఊపులో పలికే మొదటి ముక్క మీద, పడటంతో రెండోదాని అచ్చు నీరసించింది. అలాగని ‘బ్లాక్‌బోర్డ్’ని ‘బ్లాకబడ్’ అనేయకూడదు, అక్కడ ‘బోర్డ్’ చెక్కుచెదరదు. అందుకే ఊహించకుండా ప్రతి మాటా వెతికి వినమంటాను.

వినడంతో ఆగకండి. పక్కనున్న ఐపీఏ గుర్తులే, అంటే ఉచ్చారణని రాసి చూపే అంతర్జాతీయ గుర్తులే, ఈ డిక్షనరీకి ప్రాణం. చుక్క సిలబుల్స్‌ని విడదీస్తుంది. పైన నిలువు గీత ఏ సిలబుల్ ముందుంటే దాన్ని గట్టిగా పలకాలి. మొక్కలు పెంచే ‘గ్రీన్‌హౌస్’లో ఆ గీత ‘గ్రీన్’ ముందుంటుంది. ‘యాపిల్ జ్యూస్’లోనూ బలం ‘యాపిల్’ మీదే. ‘యాపిల్ పై’ (apple pie అనే వంటకం) దగ్గరికి వచ్చేసరికి అది ‘పై’ మీదికి వెళ్తుంది! రాతలో రెండింటికీ మధ్య ఖాళీ ఒకేలా ఉంటుంది, కాబట్టి స్పెల్లింగ్ చూసి స్ట్రెస్ పోల్చుకోలేం. కాంపౌండ్ నౌన్ అంటే మొదటి మాట మీదే స్ట్రెస్ అని బట్టీ పట్టినవాళ్లకి నేను చూపించేది ఈ జంటనే. ఆ సూత్రం చాలావరకు పనిచేస్తుంది, అన్నిచోట్లా కాదు.

ఒక్క లోటు మాత్రం ఉంది. ‘గ్రీన్ హౌస్’ అని విడిగా అంటే ఆకుపచ్చ రంగు ఇల్లు, అప్పుడు మామూలుగా బలం ‘హౌస్’ మీద పడుతుంది. డిక్షనరీలు ఇలాంటి మామూలు పదబంధాలకి ఎంట్రీ ఇవ్వవు కాబట్టి ఆ తేడాని పక్కపక్కన పెట్టి వినే వీలుండదు. నేర్చుకునేవాళ్లకి అన్నిటికన్నా అవసరమైంది ఆ తేడానే. దానికోసం మంచి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల చేత రెండూ వాక్యాల్లో పలికించుకుని వినండి. మిగతాదంతా ఈ డిక్షనరీతో హాయిగా నడిచిపోతుంది.