ట్రాక్‌కు తీసుకెళ్లే కారు బ్రేకులు: ముందు ఆయిల్, తర్వాత ప్యాడ్లు

కొన్నేళ్లుగా నా కారును కడప నుంచి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా నేనే నడుపుకుంటూ వెళ్లి, అక్కడ రోజంతా తోలి, మళ్లీ అదే కారులో ఇంటికి వస్తున్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 230 హార్స్‌పవర్. మనిషి కూర్చుంటే దాదాపు ఒకటిన్నర టన్ను. అందరూ ఇంజన్ గురించే అడుగుతారు. నాకు మాత్రం చెప్పాలనిపించేది బ్రేకుల గురించే, ఎందుకంటే ట్రాక్ మీద అన్నిటికంటే ముందు చేతులెత్తేసేవి అవే.

లెక్క చూడండి. ఈ బరువున్న కారు గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి 70కి దిగాలంటే పుట్టే వేడితో నాలుగు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. అదంతా మూడు నాలుగు సెకన్లలో, ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కుల్లోకే పోతుంది. అవి చల్లారేలోపే ఇంకో మలుపు వస్తుంది. మామూలు రోడ్డు మీద అంత గట్టిగా బ్రేకు వేయడం ఎప్పుడో ఒకసారి, ట్రాక్ మీద ప్రతి ల్యాపులోనూ. కంపెనీ బిగించిన బ్రేకులు చెడ్డవని కాదు, వాటిని ఈ పనికి తయారు చేయలేదు అంతే.

బ్రేకు తగ్గడంలో రెండు రకాలున్నాయి. కాలికి పెడల్ గట్టిగానే తగులుతుంది, కారు మాత్రం ఆగనంటుంది. ఇది ప్యాడ్ వేడెక్కి పట్టు వదిలేయడం. రెండోది, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోవడం. ఇది ప్యాడ్లను డిస్కుకు నొక్కి పట్టే కాలిపర్‌లో బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టడం. బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి మీరు తొక్కిన బలం ప్యాడ్ దాకా చేరదు. మొదటిది కాస్త ముందుగానే తెలుస్తుంది. రెండోది హఠాత్తుగా వస్తుంది. నాకు టెన్షన్ అంతా దాని గురించే, అందుకే నా డబ్బు మొదట ఆయిల్‌కే పోయింది.

మామూలు డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక అది 155కి పడిపోవచ్చు. ఈ ఆయిల్ గాలిలోని తేమను తాగుతూనే ఉంటుంది, బండి షెడ్డులో ఉన్నా సరే. నేను వాడేది మోటుల్ ఆర్‌బీఎఫ్ 600. కొత్త డబ్బాలో దాని మరిగే స్థాయి 312 డిగ్రీలు. ఇది వేసినప్పటి నుంచి మే నెల ఎండలో కూడా పెడల్ మెత్తబడలేదు. ఏడాదికోసారి మొత్తం మారుస్తాను, ప్రతి ట్రాక్ డేకి ముందు నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు లైనులో చేరిన గాలి తీయిస్తాను. తెరిచిన డబ్బాలో మిగిలిన ఆయిల్ దాచుకుని మళ్లీ పోయొద్దు. ఒక మాట: డాట్ 5 అని రాసి ఉండేది సిలికాన్ ఆయిల్, దీనితో కలవదు. డాట్ 5.1 వేరు, అది సిలికాన్ కాదు. షాపులో తొందరపెట్టినా డబ్బా మీది అక్షరాలు చదివాకే డబ్బులివ్వండి.

ప్యాడ్ల దగ్గర మన ఊరి వాళ్లకు వేరే చిక్కుంది. ట్రాక్ పక్కనే ఉండి కారును ట్రైలర్ మీద తెచ్చుకునేవాళ్లు అసలు సిసలు రేస్ ప్యాడ్లు వేసుకోవచ్చు. అవి వేడెక్కితే గానీ పట్టవు. మనం రాజంపేట, రేణిగుంట, తిరుత్తణి మీదుగా సుమారు 250 కిలోమీటర్లు పోవాలి. దారిలో బర్రెలు అడ్డం వస్తాయి, చెప్పాపెట్టకుండా స్పీడ్ బ్రేకర్లు వస్తాయి. చల్లటి ప్యాడ్‌తోనే మొదటి తొక్కుకే ఆగాలి. అందుకే మధ్యరకంగా ఫెరోడో డీఎస్ 2500 తీసుకున్నాను. పొద్దున్నే ఇంటి సందు చివర కూడా పట్టుతుంది, ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్ చివరి ల్యాపులోనూ మొదటి ల్యాపులాగే పట్టుతుంది. ఈ తరహా ప్యాడ్లన్నిటికీ కూత, నల్లటి దుమ్ము ఉంటాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారులో ఆ కూత ఇంట్లోవాళ్లకు నచ్చకపోవచ్చు. నాకది పెద్ద విషయం కాదు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయకుండా నేరుగా బాదకూడదు. ట్రాక్‌లోనే మొదటి సెషన్‌లో గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 30 దాకా ఎనిమిది పదిసార్లు, పూర్తిగా ఆపకుండా తొక్కుతాను. తర్వాత బ్రేకు తగలకుండా ఒక ల్యాపు తిప్పి చల్లారనిస్తాను. ఈ పని సరిగ్గా జరగకపోతే ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడ అంటుకుని స్టీరింగ్ వణుకుతుంది. డిస్కు వంకర పోయిందని చాలామంది అనుకునేది ఎక్కువసార్లు ఇదే.

మా గ్యారేజీ అన్న ఒకసారి పాత ప్యాడ్లు చేతిలో పట్టుకుని అడిగాడు, “ఇంకా సగం ఉండాయి కదన్నా, ఎందుకు పారేస్తావ్?” పారేయను, రోడ్డు మీద అరగదీస్తాను. ట్రాక్‌కు మాత్రం సగానికి తగ్గినవి పనికిరావు. ప్యాడ్ పలచబడేకొద్దీ వేడి ఆ ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌కూ, అక్కడి నుంచి ఆయిల్‌కూ త్వరగా చేరుతుంది. ఆ అన్న చేతిపని మాత్రం గొప్పది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాళ్ల దుమ్ములో తిరిగే కారు కాబట్టి కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు ఊడదీసి తుడిచి, వేడికి నిలిచే గ్రీజు పెట్టి, రబ్బరు బూట్లు పగిలాయేమో చూసి ఇస్తాడు. పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒకటే అరిగిపోతుంది, ఎంత ఖరీదైనదైనా.

డిస్కులు కంపెనీవే ఉంచాను. చిల్లులు పొడిచినవి చూడ్డానికి బాగుంటాయి, కానీ వేడికి ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. పెద్ద డిస్కులు ఎక్కువ వేడిని మోస్తాయి, నిజమే. మొదటి తొక్కుకు కారు ఎంత దూరంలో ఆగాలో తేల్చేది మాత్రం టైరే. నా వేగానికి ఆ ఖర్చు అవసరం పడలేదు.

తొక్కే తీరు కూడా బ్రేకులో భాగమే. గువ్వలచెరువు ఘాట్ దిగే లారీ డ్రైవర్లు చిన్న గేరులో పెట్టి ఇంజన్‌తో బండిని పట్టి ఉంచుతారు, ఎందుకంటే బ్రేకు మీద కాలు అట్లాగే ఉంచితే చల్లారే సమయం దొరకదు. ట్రాక్ మీదా అంతే. గట్టిగా, తక్కువసేపు తొక్కి వదిలేయాలి. సెషన్ అయ్యాక ఒక ల్యాపు నిదానంగా తిప్పాలి. ఆగాక హ్యాండ్ బ్రేకు వేయొద్దు, పెడల్ మీద కాలు ఉంచొద్దు. గేరును పార్క్‌లో పెట్టి చక్రాల కింద చెక్క దిమ్మెలు పెడతాను.

వీల్ బోల్టులు ఇంటి దగ్గర ఒకసారి, ట్రాక్ దగ్గర చక్రాలు చల్లారాక ఇంకోసారి, ఎంత బలంతో బిగించామో చూపే టార్క్ రెంచితో చూస్తాను. నా కారుకు 120 న్యూటన్ మీటర్లు. మీ కారు మాన్యువల్లో ఎంత ఉంటే అంత.

ఏడాదికి ఒక్కసారి సరదాగా వెళ్లేవాళ్లు కొత్త ఆయిల్, నిండు మందం ఉన్న మంచి ప్యాడ్లతో నిశ్చింతగా వెళ్లొచ్చు, ల్యాపుల మధ్య కారుకు ఊపిరి తీసుకునే సమయమిస్తే చాలు. తరచూ వెళ్లాలనుకుంటే ఈసారి నేను చేయబోయేది చేయండి: ముందు బంపర్ నుంచి డిస్కు మధ్యకు గాలి గొట్టాలు. గ్యారేజీలో కొలతలు తీసుకున్నాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరుకు తగలకుండా గొట్టాన్ని ఎక్కడ కట్టాలన్నదే ఇంకా తేలాలి.