గోళీ, స్టీలు పళ్లెం, ఫైఫాక్స్: నాలుగేళ్లు వాడాక

ఫైఫాక్స్‌లో ఏమేం ఉన్నాయో అన్నీ చెప్పను. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2016 నుంచి ఉచితంగా ఇస్తున్న యాప్ ఇది, ఫోన్‌లోని మైకు, సెన్సర్లతో భౌతికశాస్త్ర ప్రయోగాలు చేయిస్తుంది, ఎవరైనా దించుకుని చూసుకోవచ్చు. నేను మాత్రం నాలుగేళ్లుగా దాదాపు ఒక్కదాని కోసమే తెరుస్తున్నాను. అది శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్. ఒక చప్పుడుకు మొదలవుతుంది, తర్వాతి చప్పుడుకు ఆగుతుంది. ఏడో తరగతికి చలనం పాఠం చెప్పే నాకు ఇంతకంటే పనికొచ్చిన వస్తువు ఇంకోటి దొరకలేదు.

వడి అంటే దూరాన్ని కాలంతో భాగించడమని పిల్లలు ఒక్క రోజులో అప్పజెప్పేస్తారు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని లెక్క కూడా కట్టేస్తారు. కానీ వాలు మీద వదిలిన గోళీ వడి దారి పొడవునా పెరుగుతూ పోతుందని చేతి స్టాప్‌వాచ్‌తో చూపించబోతే ఏటా ఒకటే గొడవ. ఒకడు 1.7 సెకన్లంటాడు, పక్కనున్న పిల్ల 2.3 అంటుంది. కంటితో చూసి వేలితో నొక్కేసరికే పావు సెకను దాకా పోతుంది మరి. పీరియడ్ అంతా "నువ్వే లేటుగా నొక్కావ్" దగ్గరే అయిపోయేది, గోళీ సంగతి ఎవరికీ పట్టేది కాదు.

ఇప్పుడు అల్యూమినియం యాంగిల్‌ను గాడిలా తిప్పి బెంచీల మీద పెడతాం, రెండు మీటర్లకు పది సెంటీమీటర్ల ఎత్తు ఇస్తాం. గోళీకి అడ్డంగా చెక్క స్కేలు. దాన్ని కర్రతో టక్కున కొడితే స్కేలు తప్పుకుంటుంది, ఫోన్‌లో కాలం మొదలవుతుంది. గోళీ వెళ్లి కింద నిలబెట్టిన మధ్యాహ్న భోజనం పళ్లేనికి ఠంగున తగలగానే ఆగుతుంది. మాకు 50 సెంటీమీటర్లకు 1.94 సెకన్లు వచ్చింది, రెండు మీటర్లకు 3.88. మళ్లీ మళ్లీ చేసినా అటూఇటూగా అవే అంకెలు. దూరం నాలుగింతలైతే కాలం రెండింతలే అయింది. సరాసరి వడి సెకనుకు 26 సెంటీమీటర్ల నుంచి దాదాపు 52కి పెరిగింది. "ముందు మెల్లగా పోయింది, తర్వాత ఉరికింది టీచర్" అని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అంది. అసమచలనం అన్న మాట నేను ఆ తర్వాతే బోర్డు మీద రాశాను. ('వడి' పుస్తకంలో మాత్రమే ఉండే మాట అనుకుంటారు పిల్లలు. వాగు వడిగా పారుతోందని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట గుర్తుచేస్తే వాళ్ల ముఖాలు విప్పారతాయి.)

ఈ సంతోషంతోనే రెండో ఏడాది స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చేసి చూపిస్తానని ముందుకొచ్చాను. చుట్టుపక్కల బడుల సైన్సు టీచర్లంతా వచ్చారు. మా క్లాసు గది చాలదని పెద్ద హాల్లో పెట్టుకున్నాం. 50 సెంటీమీటర్లకు 0.11 సెకన్లు. మీటరుకు 0.12. రెండు మీటర్లకు మళ్లీ 0.11. గోళీ ఇంకా సగం దారిలో దొర్లుతుండగానే ఫోన్ ఆగిపోతోంది. స్కేలు మార్చాను, ఫోన్ దగ్గరికి జరిపాను, ఫ్యాన్లు ఆపించాను. చేతులు వణికాయి, టెన్షన్ అంతా ఇంతా కాదు. చివరికి నాతో తెచ్చుకున్న పిల్లలకు చేతి స్టాప్‌వాచ్‌లే ఇచ్చాను. వాళ్లు ఐదేసిసార్లు కొలిచి, బాగా దూరంగా పోయిన అంకెను పక్కన పెట్టి, మిగతావాటికి సగటు కట్టారు. ఆ పని నేను వాళ్లకు ఎప్పుడూ నేర్పలేదు.

కారణం ఇంటికెళ్లాక తట్టింది. మా క్లాసులో 38 మంది పిల్లలు, సంచులు, గోడల నిండా చార్టులు. చప్పుడు అక్కడికక్కడే అణిగిపోతుంది. హాల్లో అన్నీ ఖాళీ గోడలే, కర్ర దెబ్బ కాసేపు మోగుతూనే ఉంటుంది. మొదలైన తర్వాత ఎంతసేపటి వరకు చప్పుళ్లను పట్టించుకోకూడదో ఈ స్టాప్‌వాచ్‌లో మనమే పెట్టుకోవాలి. నా ఫోన్‌లో ఆ గడువు 0.1 సెకను మీద ఉంది. గడువు దాటగానే ఇంకా మోగుతున్న చప్పుడే రెండో చప్పుడు అయిపోయింది. దాన్ని 0.5కు మార్చి, ఎంత గట్టి చప్పుడుకు స్పందించాలన్నది కాస్త పెంచితే, అదే హాల్లో మరో వారం చక్కగా పనిచేసింది.

ఇంతకంటే పనికొచ్చిన వస్తువు లేదని పైన అన్నాను కానీ, ఆ రోజు తర్వాత నా పద్ధతి మారింది. మొదటి పీరియడ్ చేతి స్టాప్‌వాచ్‌లతోనే గడుస్తుంది. పిల్లల అంకెలు ఎందుకు కలవలేదో వాళ్లే మాట్లాడుకోవాలి. ఫోన్ రెండో రోజు వస్తుంది. మొదటి రోజే ఫోన్ పెడితే అంకె ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగట్లేదు, రాసేసుకుంటున్నారు.

నడక వడికి జీపీఎస్ ప్రయోగం కూడా చూశాను. కదలకుండా నిలబడ్డా చోటు అటూఇటూ జరిగినట్టు చూపిస్తుంది, అది జీపీఎస్‌కు ఉన్న పరిమితే. 50 మీటర్ల నడకకు టేపు, వాచీ చాలు. రెండు ఫోన్లు పది మీటర్ల దూరంలో పెట్టి, ఒకరి తర్వాత ఒకరు చప్పట్లు కొట్టి, రెండు ఫోన్లు చూపిన కాలాల తేడాతో ధ్వని వేగం కట్టడం మాత్రం తొమ్మిదో తరగతికి పండగే. మాకు తేడా 0.058 సెకను వచ్చింది. ఒక చప్పట్టు అటు, ఇంకోటి ఇటు పదేసి మీటర్లు వెళ్లాలి కాబట్టి ధ్వని ఇరవై మీటర్లు వెళ్లడానికి పట్టే కాలం అది, అంటే సెకనుకు దాదాపు 345 మీటర్లు. ఏడో తరగతికి అది బరువు.

మా బడి ఊరి చివర ఉంది, పక్కన రోడ్డు లేదు, ఫోన్ నాదే, తరగతికి 40 మంది లోపే. అందుకే నాకు ఇంత బాగా కుదిరింది. లారీలు తిరిగే రోడ్డు పక్కన బడి అయితే ఇదే మాట చెప్పలేను. వాడదలిస్తే పాఠానికి ముందు రోజు అదే గదిలో, అవే తలుపులు తెరిచి, నాలుగైదుసార్లు కొలిచి చూసుకోండి. అంకెలన్నీ ఆ గడువు దగ్గరే గుమిగూడుతుంటే గోళీని అనుమానించకండి, గడువు పెంచండి.