కాలువ గట్ల మీద ఫొటోలు తీసేవాళ్లకి పోలరైజర్ ఫిల్టర్: కోనసీమ ఎండల్లో వాడాక నా అభిప్రాయం

పోలరైజర్ అంటే లెన్సు ముందు బిగించి, రింగు తిప్పుతూ మెరుపు తగ్గించుకునే గాజు. కొనుక్కోండి. బాగా పనికొస్తుంది, కాకపోతే షాపుల్లో చెప్పే కారణానికి కాదు. వాళ్లు నీలాకాశం ఫొటో చూపించి అమ్ముతారు, మన డెల్టాలోనేమో ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటిందంటే సముద్రపు తేమకి ఆకాశం తెల్లగా పాలిపోతుంది. అలా పాలిపోయిన ఆకాశాన్ని ఏ ఫిల్టరూ పెద్దగా మార్చలేదు. ఇక్కడ పెట్టిన డబ్బు గిట్టేది పచ్చదనం దగ్గర, నీళ్ల దగ్గర.

నేను వాడుతున్నది 67 ఎంఎం సర్క్యులర్ పోలరైజర్, సన్న ఫ్రేము, మల్టీ కోటింగ్. 18-135 లెన్సు మీద పెడతాను. మూడు వేల లోపే పడింది. కంపెనీ పేరు రాయడం లేదు, నేను చెప్పబోయేది ఈ రకం మంచి ఫిల్టర్లన్నిటికీ వర్తిస్తుంది.

ముందు పచ్చదనం సంగతి. కొబ్బరాకు మీద, అరటాకు మీద ఎండ ఏటవాలుగా పడినప్పుడు మన కంటికి పచ్చగానే ఉన్నట్టు ఉంటుంది కానీ ఫొటోలో తోటంతా బూడిద చల్లినట్టు వస్తుంది. ఆ తెలుపు ఆకు రంగు కాదు, ఆకు పైనుండే మైనపు పొర మీద పడి తిరిగొచ్చిన వెలుగు. ఫిల్టర్ రింగు మెల్లగా తిప్పుతుంటే ఒక చోట ఆ మెరుపు పోయి అసలు పచ్చ బయటికొస్తుంది, ఆ క్షణం వ్యూఫైండర్‌లో చూడాలి మీరు! ఎడిటింగులో రంగు ఎంత పెంచినా ఇది రాదు, ఎందుకంటే తెల్లగా మెరిసిన చోట కింద ఉన్న రంగు ఫైల్లోనే లేదు. కడియం నర్సరీల్లో పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెట్టాక క్రోటన్ ఆకులు తడిగా మెరుస్తుంటాయి కదా, అక్కడ ఫిల్టర్ పెట్టి ఒకటి, తీసేసి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఇంక నేను రాయాల్సిన పని ఉండదు. దాళ్వా (రబీ వరి) చేలు కోతకొచ్చే ముందు సగం పచ్చ సగం పసుపుగా ఉండే రోజుల్లో కూడా తేడా బాగా తెలుస్తుంది.

ఇక నీళ్లు. నా మాట ఇక్కడే చాలామందికి నచ్చదు. ఫిల్టర్ కొన్న ప్రతివాళ్లూ దాన్ని చివరిదాకా తిప్పి నీటి మీద మెరుపు మొత్తం చంపేస్తారు. కాలువ అందం సగం దాని నీడల్లోనే ఉంది, గట్టు మీద వరసగా ఉన్న కొబ్బరి చెట్లు నీళ్లలో తలకిందులుగా కనిపించడం కోసమే కదా మనం అంత పొద్దున్నే లేచి వెళ్తాం. మెరుపంతా తీసేస్తే ఆ చెట్లూ పోతాయి, మిగిలేది నాచు, గుర్రపు డెక్క, మట్టి రంగు నీళ్లు. అందుకని నేను సగం దాకానే తిప్పుతాను. నీటి మీద తెల్లటి చారలు తగ్గాలి, చెట్ల నీడ నిలబడాలి, రెండూ కుదిరే చోటు ఒకటి ఉంటుంది, దానికోసం ఓపిగ్గా రింగు తిప్పుతూ వెతకాల్సిందే.

నీళ్లలో అన్ని చోట్లా ఒకే తేడా రాదు. నీటిని దాదాపు 37 డిగ్రీల కోణంలో కిందికి చూస్తున్నప్పుడు మెరుపు ఎక్కువ తగ్గుతుంది, కాళ్ల కింద ఉన్న నీళ్లలోనూ బాగా దూరంగా ఉన్న నీళ్లలోనూ తేడా తక్కువ. గట్టు మీద నిలబడితే ఈ పక్క నీళ్లలో అడుగు కనిపిస్తూ అవతల ఒడ్డు దగ్గర నీడలు అలాగే ఉండటం అందుకే, ఆ రెండూ ఒకే ఫ్రేములో వస్తే చాలా బాగుంటుంది. కాలువ చీలే లొల్ల లాకుల దగ్గర ఒక పెద్దాయన నా కెమెరా చూసి ఆగితే ఫిల్టర్ విప్పి చేతికిచ్చాను, కంటి ముందు పెట్టుకుని తిప్పి, “ఆయ్, అడుగున నాచు కూడా కనపడతందండీ బాబూ” అని ఇంకో పక్కకి వెళ్లి మళ్లీ చూశాడు. ఇదంతా ఎండాకాలం ముచ్చటే, వరదలకి ఎర్రనీరు వచ్చాక ఎంత తిప్పినా అడుగు కనిపించదు.

ఆకాశం గురించి మన ప్రాంతానికి కలిసొచ్చే విషయం ఒకటుంది. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశంలోనే ఫిల్టర్ ఎక్కువ పని చేస్తుంది. చూపుడు వేలు సూర్యుడి వైపు పెట్టి బొటనవేలు అడ్డంగా చాపి చెయ్యి తిప్పితే బొటనవేలు చూపించిన దారంతా ఆ భాగమే. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక కాలువలు నేల వాలును బట్టి సముద్రం వైపు సాగాయి, కోనసీమలో ఎక్కువ కాలువలు ఉత్తరం నుంచి దక్షిణానికి పోయేది అందుకే. దాంతో పొద్దున్న, సాయంత్రం గట్టు వెంట కెమెరా పెడితే సూర్యుడు మన పక్కనే ఉంటాడు, కాలువా ఆకాశమూ రెండూ ఒకేసారి కుదురుతాయి. అదే ఏలూరు వైపు పోయే కాలువ మీద పొద్దున్నే నడిస్తే సూర్యుడు ఎదురుగానో వెనకగానో ఉంటాడు, అక్కడ ఆకాశం కోసం ఫిల్టర్ పెట్టడం దండగ. రాత్రి గాలివాన పడి తెల్లారే సరికి దుమ్ము కడిగేసినట్టు ఉండే మే నెల పొద్దులు కొన్ని వస్తాయి, అలాంటి రోజు మాత్రం ఇంట్లో ఉండకండి.

వైడ్‌లో, అంటే ఎక్కువ వెడల్పు వచ్చేలా తీసేటప్పుడు, జాగ్రత్త. లెన్సు 18 ఎంఎం దగ్గర పెట్టి తీస్తే ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం, ఇంకో పక్క లేత నీలం వచ్చి మచ్చలా కనిపిస్తుంది. నేను 24 కంటే కిందికి వెళ్లను, వెళ్తే ఆకాశం తక్కువ పెట్టుకుంటాను. పనోరమాకైతే విప్పేస్తాను. కెమెరా నిలువుగా తిప్పినప్పుడల్లా రింగు మళ్లీ సరిచేసుకోవాలి, ఇది మర్చిపోవడం చాలా తేలిక. రింగు ఎప్పుడూ బిగించే వైపే తిప్పండి, విప్పే వైపు తిప్పితే మరలు వదులై ఫిల్టర్ కాలువలో పడుతుంది.

వెలుతురు తగ్గడం దీనికున్న అసలు లోపం. ఒక స్టాప్ నుంచి రెండు స్టాపుల దాకా తినేస్తుంది (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది). మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర షట్టర్ స్పీడు 1/400 వచ్చేది 1/150 దరిదాపులకి పడిపోతుంది, సముద్రపు గాలికి ఊగే కొబ్బరాకులకి అది చాలదు. ఐఎస్ఓ 200 లేదా 400 పెట్టుకోండి, ఈ కాలం కెమెరాలకి అదో లెక్క కాదు. సూర్యోదయం మన దగ్గర మే నెలలో ఐదున్నరకే అయిపోతుంది, ఆ మొదటి పావుగంట ఫిల్టర్ జేబులోనే ఉంచండి, ఎదురు వెలుగులో అది ఆకాశానికి చేసేదేమీ లేదు.

కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష. లాప్‌టాప్ ఎల్‌సీడీ స్క్రీన్ ముందు ఫిల్టర్ ముందు వైపుని స్క్రీన్‌కి పెట్టి తిప్పితే ఒక చోట నల్లబడాలి, వెనక్కి తిప్పి పెడితే నల్లబడకుండా కాస్త రంగు మాత్రమే మారాలి. అలా ఉంటే అది సర్క్యులర్. రెండు వైపులా నల్లబడితే లీనియర్, డీఎస్‌ఎల్‌ఆర్ అద్దంతో దానికి పడదు, ఫోకస్, ఎక్స్‌పోజర్ తప్పుతాయి. మరీ చవకవి వద్దు. స్నేహితుడి దగ్గర ఉన్న ఒక చవక ఫిల్టర్‌తో పోల్చి చూస్తే వరి చేను మొత్తానికి పసుపు పూసింది, మూలలు నల్లబడ్డాయి. మీ లెన్సుల్లో పెద్దదాని సైజులో ఒకటి కొని, చిన్న వాటికి ఆ పెద్ద ఫిల్టర్ బిగించుకోవడానికి స్టెప్ అప్ రింగులు తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

అంతర్వేది వెళ్తే గాలిలో ఉప్పు తుంపర గాజు మీద పట్టేస్తుంది. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, తర్వాత కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి, పొడిగుడ్డతో రుద్దితే కోటింగు గీతలు పడుతుంది. రెండు గాజుల మధ్య ఉండే పొర వేడికి విడిపోతుంది కాబట్టి కారు డ్యాష్‌బోర్డు మీద వదిలెయ్యకండి.

మీరు తీసేవి ఎక్కువగా సూర్యాస్తమయాలైతే, యానాం దగ్గర గౌతమి మీద ఎర్రటి వెలుగు లాంటివైతే, ఇది కొనక్కర్లేదు, ఆ డబ్బు ట్రైపాడ్‌కి పెట్టండి. తోటలు, చేలు, కాలువలు తీసేవాళ్లకైతే ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది వెలుతురు కోసం. ఇంకోటి, మరమ్మతుల కోసం కాలువలకి నీళ్లు ఆపేస్తారు, ఎండాకాలంలో కాలువ ఫొటోలు కావాలంటే ఆ లోపే వెళ్లండి, కట్టేసే తేదీ ముందుగా లస్కర్లని (కాలువల మీద నీళ్లు చూసుకునే సిబ్బందిని) అడిగితే చెప్తారు.