కడిగిన ఆకుపచ్చ: వెలిగొండల్లో ఆరు వేసవులు తిరిగిన పోలరైజర్

ఆకాశం నీలంగా రావాలన్న ఒక్క ఆశతో పోలరైజర్ (లెన్సు ముందు బిగించి తిప్పుతూ మెరుపును తగ్గించే ఫిల్టరు) కొనాలనుకుంటే, మన నెల్లూరు, ప్రకాశం వైపు వెలిగొండల్లో వేసవి పూట అది మిమ్మల్ని నిరాశపరుస్తుంది. ఆకుల కోసం కొనండి, తడి రాళ్ల కోసం కొనండి. ఆరు వేసవులుగా నా లెన్సు ముందు తిరుగుతున్న 67 మిల్లీమీటర్ల గుండ్రటి గాజు గురించి నేను నమ్మకంగా చెప్పగలిగిన మొదటి మాట ఇది.

2019 మార్చిలో సుమారు నాలుగు వేల రూపాయలకు కొన్నాను. 2020 వేసవి ఇంట్లోనే గడిచిపోయింది. మిగిలిన అన్ని ఏళ్లూ ఏప్రిల్, మే నెలల్లో పెంచలకోన, ఉదయగిరి దుర్గం, భైరవకోనల్లో కనీసం రెండు చోట్లకైనా ఇది నాతో వచ్చింది. కెమెరా మధ్యరకంది, లెన్సు 18–135 మిల్లీమీటర్ల జూమ్, అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది. నాతో నడిచేది మా మేనల్లుడు. వాడి దగ్గర ఫోను తప్ప ఏమీ ఉండదు.

మొదటి వేసవి అంతా దీన్ని తప్పుగా వాడాను. పొద్దున్నే ఐదున్నరకల్లా రాపూరు దాటి, పెంచలకోన దారిలో ఆగి, పడమటి వైపు బారులు తీరిన కొండలకు గురిపెట్టి రింగు తిప్పేవాణ్ణి. ఎంత తిప్పినా ఆకాశంలో మార్పు ఉండేది కాదు. గాజు నాసిరకమేమోనని అనుమానం కూడా వచ్చింది. లోపం గాజుది కాదు, నేను నిలబడిన చోటుది. సూర్యకాంతి గాలి అణువులకు తగిలి చెదిరినప్పుడు, సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశంలోనే ఆ కాంతి ఎక్కువగా ఒకే తలంలో కంపిస్తుంది. పోలరైజర్ ఆపగలిగేది ఆ కాంతినే. వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగే వరుస. మనం తూర్పున మైదానంలో నిలబడి ఉదయం వాటిని చూస్తున్నామంటే సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉంటాడు. అప్పుడు ఎంత మంచి గాజైనా ఆకాశాన్ని మార్చలేదు.

దీనికి చేతిలోనే కొలత ఉంది. చూపుడువేలు సూర్యుడి వైపు చాచి, బొటనవేలు దానికి నిటారుగా నిలిపి, మణికట్టు తిప్పండి. బొటనవేలు చూపే దిక్కులన్నింటిలో పోలరైజర్ బాగా పనిచేస్తుంది. ఉదయం అవి ఉత్తరం, దక్షిణం, నడినెత్తి. అందుకే తర్వాతి ప్రయాణం నుంచి పద్ధతి మార్చాను. కింది నుంచి కొండను తీయడం మానేసి, కొండ ఎక్కి వరుస పొడవునా చూడటం మొదలుపెట్టాను. ఉదయగిరి దుర్గం అందుకు చాలా అనువైన చోటు. 3,000 అడుగులకు పైగా ఎత్తున్న కొండ అది. 1513లో ముట్టడి మొదలుపెట్టిన శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దాన్ని గెలుచుకోవడానికి 1514 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నిటారు రాతి గోడల కింద నడుస్తుంటే అంతకాలం ఎందుకు పట్టిందో కాళ్లకు తెలుస్తుంది. పైకి చేరాక ఉత్తరానికో దక్షిణానికో తిరిగి తీస్తే, ఉదయం ఏడు గంటలకు ఆకాశం ఒక మెట్టు దిగి చిక్కబడుతుంది, కొండల అంచులు తేటపడతాయి.

అయితే ఆకాశం శుభ్రంగా ఉంటేనే. మే నెలలో మన ఆకాశం నీలం కాదు, పాలిపోయిన తెలుపు. సముద్రం నుంచి వచ్చే తేమ, నేల నుంచి లేచే దుమ్ము కలిసి దూరపు వరుసల మీద ముసుగు వేస్తాయి. గాలి అణువులతో పోలిస్తే ఆ రేణువులు చాలా పెద్దవి. వాటికి తగిలి చెదిరిన కాంతి మీద పోలరైజర్ ప్రభావం తక్కువ. రోహిణి కార్తెలో వడగాలి వీచే రోజుల్లో దూరపు కొండ కోసం దీన్ని బిగించడం వృథా. ఒక్క వాన పడితే మాత్రం అంతా మారిపోతుంది. 2022 మేలో సాయంత్రం జల్లు కురిసిన మర్నాడు దుర్గం మీద నుంచి తీసిన రెండు చిత్రాలు మా ఇంటి గోడ మీద ఉన్నాయి. అయిదు వరుసల కొండలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

మధ్యాహ్నం గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి నాకు ఇక్కడే తెలిసింది. ఏప్రిల్ చివర, మే మొదట్లో సూర్యుడు మనకు దాదాపు నడినెత్తి మీదికి వస్తాడు. పన్నెండు దాటాక పది నిమిషాలకు మన నీడ పాదాల కిందే ఉంటుంది. అప్పుడు 90 డిగ్రీల పట్టీ దిగంతం చుట్టూ పరుచుకుంటుంది. ఏ దిక్కు చూసినా పోలరైజర్ ఎంతో కొంత పనిచేస్తుంది. ఉదయం 18 మిల్లీమీటర్ల దగ్గర తీస్తే ఆకాశం మధ్యలో నల్లటి మచ్చలా కనిపించే ఎగుడుదిగుడు కూడా ఆ వేళ చాలా వరకు తగ్గుతుంది. ఈ మాట దుర్గం మెట్ల దగ్గర నీడలో కూర్చున్న మేకల కాపరి పెద్దాయనకు ఉత్సాహంగా చెప్పాను. ఆయన కొండ వైపు చూసి, "ఎండ నెత్తి మీదికొస్తే కొండ చప్పబడిపోతుంది బాబూ, పొద్దు వాలనీ" అన్నాడు. ఆయన చెప్పిందే నిజం. గాజు రంగును తెస్తుంది, నీడను తేలేదు. నీడ లేకపోతే రాతి మడతలు, లోయల లోతు కనిపించవు. మధ్యాహ్నం తీసిన చిత్రాల్లో నేను దాచుకున్నవి చాలా తక్కువ.

ఇక ఆకులు. నాలుగు వేలకు విలువ ఇక్కడ దక్కింది. వేసవిలో గుట్టలన్నీ ఎండి మోడులైనా, కోనల్లో నీటి పక్కన చెట్లు పచ్చగానే ఉంటాయి. ఆ ఆకుల నున్నటి పైపొర మీద ఆకాశం ప్రతిఫలించి తెల్లటి జిగి కమ్ముతుంది. మన కంటికి అలవాటైపోయి తెలియదు కానీ, కెమెరా దాన్ని బూడిద పచ్చగా చూపిస్తుంది. భైరవకోనలో ఎనిమిది గుహాలయాలు తొలిచిన కొండ పక్కన, జలపాతం దగ్గర, నా గాజు తీసి మేనల్లుడి ఫోను కటకానికి అడ్డంగా చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పాను. "మామయ్యా, ఆకులు కడిగినట్టున్నాయి!" అని అరిచాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఫోను ఉన్నవాళ్లు కూడా ఇలా చేత్తో పట్టుకుని వాడుకోవచ్చు, చెయ్యి కదలకుండా ఉంటే చాలు.

తడి బండల మీద మెరుపు పోయి రాతి అసలు రంగు బయటపడుతుంది. మడుగును మరీ పైనుంచి కాకుండా కాస్త వాలుగా చూస్తే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. పైగా ఈ గాజు కాంతిని ఒకటిన్నర స్టాపుల మేర తినేస్తుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం) కాబట్టి, సెకనులో నాలుగో వంతు తెరిచి ఉండాల్సిన షట్టర్ ముప్పాతిక సెకనుకు దగ్గరపడి, సన్నటి వేసవి ధార కూడా పట్టుదారంలా వస్తుంది. ట్రైపాడ్ తప్పనిసరి. ఒక్క జాగ్రత్త: తుంపర్లలో ఇంద్రధనుస్సు కనిపిస్తే రింగును చూసుకుంటూ తిప్పండి. ఒక స్థానంలో ధనుస్సు చిక్కబడుతుంది, ఇంకో స్థానంలో మాయమైపోతుంది. పెంచలకోనలో నేను ఒకసారి దాన్ని చెరిపేసి ఇంటికొచ్చి బాధపడ్డాను.

లోపాలు లేకపోలేదు. రింగు అంచు మందం వల్ల 18 దగ్గర మూలలు నల్లబడతాయి, నేను 24 కన్నా వెడల్పుగా తీయను. మూడో వేసవికి చెమట, దుమ్ము చేరి రింగు గరగరలాడటం మొదలైంది. ఒకసారి దుర్గం మీద లెన్సుకు బిగుసుకుపోయి ఊడలేదు. చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, గట్టిగా నొక్కకుండా తిప్పితే వచ్చింది. వేళ్లతో నొక్కేకొద్దీ రింగు వంగి ఇంకా బిగుస్తుందని అప్పుడే తెలిసింది. 2023లో భైరవకోన దగ్గర ఎండలో నిలిపిన కారులో మూడు గంటలు వదిలేశాను. లోపలి పొర అంచున గోరంత మేర లేచి రంగులు తేలింది. ఇప్పటికీ ఆ మచ్చ ఉంది, చిత్రంలో మాత్రం పడటం లేదు. రంగు కాస్త పసుపు వైపు మొగ్గుతుంది, దాన్ని కంప్యూటర్‌లో సరిచేసుకుంటాను. ఆకుల జిగిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఇంత శుభ్రంగా తీయలేదు, ఎందుకంటే ఆ తెలుపు కింద ఉన్న రంగు అసలు చిత్రంలోకి చేరనే లేదు.

పొద్దు వాలాక దీన్ని తీసేసి పెట్టెలో పెట్టండి. ఉన్న కొద్ది వెలుతురును వదులుకోకూడదు. మళ్లీ కొనాల్సి వస్తే నేను 77 మిల్లీమీటర్లది, పలుచటి అంచుది తీసుకుని, చిన్న లెన్సులకు సర్దుబాటు రింగు వేసుకుంటాను. ప్రస్తుతానికి ఈ పాతదాన్నే మెత్తటి కుంచెతో దులిపి, వచ్చే ఏప్రిల్ కోసం తడి తగలని డబ్బాలో ఉంచాను.