బుడగ బ్యాలెన్సర్‌తో ఇంట్లోనే వీల్ బ్యాలెన్సింగ్: మూడు నెలలు వాడాక

రేణిగుంట దాటి పుత్తూరు రోడ్డులో 80 తాకగానే మా కారు స్టీరింగ్ వణికేది. తిరుమల ఘాట్‌లో ఏమీ తెలియదు, అక్కడ అంత వేగం పోలేం కదా. ఒక షాపులో బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానం చేసే పని, చేయిస్తే రిమ్ముకు అంటించే పాత బరువు బిళ్ళలు తీయకుండా పక్కనే కొత్తవి అంటించి పంపించారు, వణుకు అట్లే ఉంది. ఆ కోపంతోనే ఆన్‌లైన్‌లో ఈ బ్యాలెన్సర్ తెప్పించుకున్నాను.

మేస్త్రీల రసమట్టం చూసుంటారు, ఇదీ అదే. చక్రాన్ని ఊడదీసి దీని స్టాండు మీదుండే కోను మీద పడుకోబెడితే బరువు వైపు కిందికి వాలుతుంది, బుడగ తేలిక వైపుకు పోతుంది, బుడగ పోయిన వైపు బిళ్ళలు పెట్టాలి. ముందు పాత బిళ్ళలన్నీ పీకేసి, రిమ్ము లోపలి మట్టి, టైరు గాళ్ళలో ఇరుక్కున్న రాళ్ళు తీసేయండి. మా ఎడమ ముందు చక్రం లోపల గట్టిపడిన ఎర్రమట్టి పిడికెడు రాలింది!

మొదటి రోజు గంటసేపు అవస్థ పడ్డాను. మా పార్కింగ్ నేల నీళ్ళు పోవడానికి వాటంగా వేసింది, అందుకని స్టాండు కాళ్ళ మరలు తిప్పి మట్టం చేసుకోవాలి. మట్టం కుదిరిందో లేదో తెలియాలంటే స్టాండును కదపకుండా చక్రాన్ని మాత్రం సగం తిప్పండి. బుడగ కూడా చక్రంతో పాటు అటువైపుకు మారితే లోపం చక్రంలో ఉంది, ఉన్నచోటే ఉంటే లోపం స్టాండులో ఉంది. దీంతో వచ్చిన కాగితంలో ఈ ముక్క లేదు, అదే నాకు నచ్చలేదు.

బిళ్ళలు వెంటనే అంటించకుండా రిమ్ము మీద ఊరికే పెట్టి చూడండి, బుడగ నడిమికి వచ్చాకే చోటు గుర్తు పెట్టుకుని, ఆ చోటు థిన్నర్‌తో తుడిచి అంటించాలి. మొత్తం 40 గ్రాములు పడితే 20 లోపలి అంచుకు, 20 బయటి అంచుకు పంచాను.

ఇప్పుడు చిత్తూరు హైవేలో 90 మీద కూడా స్టీరింగ్ నిమ్మళంగా ఉంది, నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే చక్రం ఇక్కడ తిరగదు కాబట్టి లోపలి అంచుకూ బయటి అంచుకూ మధ్య ఉండే తేడాను ఇది పట్టలేదు, దానికి చక్రాన్ని తిప్పి చూసే మిషనే కావాలి, వెడల్పు టైర్లకు మరీనూ. రిమ్ము వంగినా, టైరు ఉబ్బినా ఎన్ని బిళ్ళలు అంటించినా లాభం లేదు. కారు ఒక పక్కకు లాగుతుంటే దీన్ని కొనకండి, అది అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేసే పని.

కొనేముందు మీ రిమ్ము నడిమి రంధ్రం కొలుచుకోండి, కోను అందులో గట్టిగా కూర్చోకపోతే బుడగ చెప్పేదంతా తప్పే. చక్రం తిరిగి బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి స్పానర్ వేసి చూడండి.