కీ వాచీ: 20 ఏళ్ళ వాడకం తర్వాత

బ్యాటరీ లేని, రోజూ కీ ఇచ్చుకోవాల్సిన వాచీ ఇది. 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు), గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు 5. నిండా కీ ఇస్తే 36 గంటలు నడుస్తుంది. రోజుకు 15–20 సెకన్లు అటూ ఇటూ అవుతుంది. బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీకి అంత తేడా రావడానికి నెల పడుతుంది. సెకన్ల లెక్క ముఖ్యమైతే దీని జోలికి రాకండి. మిగతావాళ్ళకు కళ్ళు మూసుకుని కొనమంటాను. మన చెయ్యి తగలందే నడవదు, మమకారం పుట్టేది అక్కడే.

కీ రోజూ ఒకే వేళకు ఇవ్వండి. స్ప్రింగు బిగువు తగ్గేకొద్దీ నడక మారుతుంది కాబట్టి, వేళ తప్పకపోతే టైము తేడా కూడా ఒకేలా ఉంటుంది. చేతికి ఉండగా మాత్రం తిప్పొద్దు. కీ పక్కకు ఒరిగి లోపలి కాడ మీద ఒత్తిడి పడుతుంది, కొన్నేళ్ళకు అది విరుగుతుంది. విప్పి పట్టుకుని 25–30 చుట్లు తిప్పండి, బిగిసి ఆగిన చోట వదిలేయండి. ఎంత తిప్పినా ఆగడం లేదంటే స్ప్రింగు తెగి ఉండొచ్చు.

ఉన్నట్టుండి రోజుకు ఐదారు నిమిషాలు ముందుకు పోతోందా? స్పీకరు పక్కనో, అయస్కాంతపు గుండీ ఉన్న బ్యాగులోనో పెట్టి ఉంటారు. అయస్కాంతం సోకితే, నడకను అదుపులో పెట్టే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగెడుతుంది. రిపేరు చేసేవాళ్ళ దగ్గర అయస్కాంతం తీసే పరికరం ఉంటుంది, నిమిషం పని.

అసలు నష్టం జరిగేది సర్వీసు వాయిదా వేయడం వల్ల. నూనె ఎండిపోయినా వాచీ ఆగదు, ఇరుసులు అరిగిపోతూ నడుస్తూనే ఉంటుంది. 36 గంటలు నడిచేది 25కే ఆగుతోందంటే ఇక ఆలస్యం చేయొద్దు. నేనైతే ఐదేళ్ళకోసారి పూర్తిగా విప్పించి, కడిగించి, కొత్త నూనె పెట్టిస్తాను. విప్పకుండానే చుక్క నూనె వేసి ఇచ్చేవాళ్ళను నమ్మకండి. ఆ నూనె పాత మురికితో కలిసి ఇరుసులను ఇంకా త్వరగా తినేస్తుంది.

అద్దం లోపల ఆవిరి పట్టిందంటే అదే రోజు విప్పించాలి. ఎండలో పెడితే ఆవిరి పోయినట్టే ఉంటుంది గానీ తేమ లోపలే మిగిలి ఉక్కు భాగాలు తుప్పు పడతాయి.

ప్లాస్టిక్ అద్దం మీద గీతలు పాలిష్ పేస్టుతో కాసేపు రుద్దితే పోతాయి. కేసుకు మాత్రం పాలిష్ వద్దు. పట్టించిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది, అంచులు గుండ్రబడతాయి, వెనక చెక్కించుకున్న పేరు చెరిగిపోతుంది. డయలుకు మళ్ళీ రంగు వేయించడం అంతకన్నా పెద్ద పొరపాటు. పసుపెక్కినా సరే, ఇన్నేళ్ళు చూసిన ముఖం అదే.

పట్టీ మీద మాత్రం మమకారం పెట్టుకోకండి. తోలు చెమటకు లోపలి వైపు నుంచి చివికిపోతుంది. మార్చినప్పుడల్లా పట్టీని వాచీకి పట్టి ఉంచే రెండు స్ప్రింగు పిన్నులూ కొత్తవి వేయించండి. పిన్ను ఊడితే వాచీ నేల మీదే. సర్వీసులో మార్చిన పాత చక్రాలు, స్ప్రింగులు ఉంటే అడిగి తెచ్చుకోండి. అగ్గిపెట్టెలో సగం కూడా నిండవు, దాచుకోవచ్చు.